తట్టెడు ఊక

ఫజిలత్ గురించి రాయాల్సింది నేను కాదు. ఆమెకూ నాకూ పడదు. చండ్రుగొండలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. గోడకు అటుపక్క ఆమె పొట్టి కోళ్లు, ఇటుపక్క పిండీ కారం పట్టే నా గిర్నీ. ఈ రెండేళ్లలో ఆ గోడ మీదుగా మేమిద్దరం తిట్టుకున్నన్ని తిట్లు ఈ గల్లీలో ఇంకెవరూ తిట్టుకుని ఉండరు. అయినా నేనే రాస్తున్నాను. ఆమె ఎన్ని గంటలకు లేస్తుందో, ఏ కోడిని ఏమని పిలుస్తుందో, కోపం వస్తే ఏ గిన్నె ముందు విసురుతుందో నాకు తెలిసినట్టు ఆమె కూతురు తబస్సుంకు కూడా తెలియదు. తబస్సుం తిరుమలాయపాలెంలో కాపురం చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతుంది. నాకు రోజూ వినపడుతుంది.

మనిషికి యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. గొంతు మాత్రం పొట్టిది కాదు. దమ్మపేట నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి దబ్బనం పట్టుకుని పరుపులు కుట్టింది. భర్త అహ్మద్ పాషా దూది ఏకేవాడు, ఆమె గలీబుల్లో కూరి కుట్టేది. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా పరుపు వాళ్ల చేతిదే. అడవి గూడేల నుంచి ఎడ్ల బండ్ల మీద వచ్చి బొంతలు కుట్టించుకుని పోయేవాళ్లు. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. దూది మిషన్ మీద పాత దుప్పటి కప్పేశారు. అయినా ఫజిలత్ ముందు స్పాంజి మాట ఎత్తితే అయిపోయినట్టే. దూదికి మించిన వెచ్చదనం లేదని, దూది తెలియనివాడికి నిద్ర తెలియదని గంటసేపు చెబుతుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆ కోళ్లను తెచ్చింది పాషా. దూది ఏకే మిషన్‌కు పళ్లు కొనడానికి హైదరాబాద్ పోయి, పళ్లతోపాటు ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టెకు చిల్లులు. ఆ చిల్లుల్లోంచి ఒక ముక్కు. గల్లీ అంతా చేరి చూశాం. నల్ల పుంజు ఒకటి, నల్ల పెట్ట ఒకటి. రెండూ కలిపి నా చీర కొంగులో పట్టేంత ఉన్నాయి. కాళ్ల మీద వేళ్ల దాకా ఈకలే. వాటి గుడ్డు నిమ్మకాయంత. ఇంత చిన్న కోడిని కోసుకుంటే పంటికిందికైనా వస్తుందా అని ఎవరో అన్నారు. పాషా నవ్వి, ఇవి కోసుకునేవి కావు, చూసుకునేవి అన్నాడు.

పాషా అంటే నాకు గౌరవం. ఆ మాట దాచను. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని, అట్లా ఫజిలత్ నాకు వదినయింది. పెట్ట పొదుగుకొచ్చిన ప్రతిసారీ ఆయన తట్ట ఒకటి చంకన పెట్టుకుని గిర్నీకి వచ్చేవాడు. మా దగ్గర వడ్లు పట్టే మిషన్ కూడా ఉంది.

"చెల్లె, తట్టెడు ఊక ఇయ్యి."

"ఇంట్ల అంత దూది పెట్టుకొని ఊక ఏంది అన్నా?" అని ఒకసారి అడిగాను.

"దూది మనుషులకు, చెల్లె. పిల్లలకు ఊకనే ఉండాలె," అన్నాడు. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తట్ట అడుగున ఊక పరిచి, అందులో ఇనుప మేకు ఒకటి, బొగ్గు ముక్క ఒకటి, ఎండు మిరపకాయ ఒకటి పెట్టి, పైన గుడ్లు పేర్చి పెట్టను కూర్చోబెట్టేవాడు. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని, మేకు ఉంటే ఉరుము తగలదని మా వైపు నమ్మకం. పెద్ద కోళ్ల గుడ్లు ఇరవై ఒక్క రోజులకు పగిలితే వీటివి ఒకటి రెండు రోజులు ముందే పగులుతాయి. పిల్లలు బొటనవేలంత ఉంటాయి. ఒకప్పుడు ఆ ఇంట్లో పద్నాలుగు ఉండేవి.

రెండేళ్ల కిందట, ఎండాకాలంలో, పాషా గుండె నొప్పితో దవాఖానాకు పోయాడు, తిరిగి రాలేదు. ఆ చలికాలమే కొక్కెర తెగులు వచ్చి కోళ్లు కూడా పోయాయి. ఒక ముసలి పుంజు, ఒక నల్ల పెట్ట మిగిలాయి. తబస్సుం వచ్చి, వీటిని ఎవరికన్నా ఇచ్చేసి నా దగ్గరికి రా, కావాలంటే అక్కడ వేరేవి కొనిస్తా అంది. ఫజిలత్ చెప్పిన జవాబు గోడ ఇవతలికి వినపడింది.

"కొనుక్కొస్తే అవి కోళ్లయితయి. ఇవి మీ నాయన తెచ్చినయి. వీటి జాతి ఈ ఇంట్ల ఉండాలె. లేకుంటే నేను గూడ ఉండ."

అది విని నాకూ కళ్లు చెమర్చాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ చెమ్మ నెల రోజులు నిలవలేదు.

మా గొడవ మిరపకాయల దగ్గర మొదలయింది. గిర్నీకి వచ్చిన కాయలను పట్టే ముందు పెరట్లో పట్టా పరిచి ఎండబెడతాను. ఆ ముసలి పుంజు గోడెక్కి, ఇటు దూకి, పట్టా మీదంతా కాలితో గీరి, చేయాల్సిన పనీ చేసి పోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి చీపురు విసిరాను. తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకున్నాను. ఫజిలత్ గోడ మీదికి తల పెట్టింది.

"మొగడు పోయినదాని కోడి మీద చెయ్యెత్తుతవా?"

"కోడికి మొగడు పోలేదు కదా వదినా. కట్టేసుకో," అన్నాను.

మాట జారింది. ఆ ముక్క నేను అనకుండా ఉండాల్సింది. మర్నాటి నుంచి ఆమె నా గిర్నీ మీద పడింది. మోటారు ఆన్ చేస్తే గోడ అదురుతుందట, గోడ అదిరితే గుడ్లు మురుగుతాయట. ఉరుముకైతే మేకు ఉంది, రోజంతా ఉరిమే గిర్నీకి ఏ మేకు పెట్టాలని గల్లీ అంతా చెప్పింది. కారం ఘాటుకు కోళ్లు తుమ్ముతున్నాయని ఇంకోటి. చివరికి గల్లీ పెద్దలను కూర్చోబెట్టింది. గిర్నీ చుట్టూ రేకులు కొట్టించేదాకా కారం పట్టొద్దని వాళ్లు తీర్మానించారు. మిరపకాయల సీజన్ నడుస్తోంది. మా ఖమ్మం వైపు మాఘమాసంలో కారం గిర్నీ ఆపడమంటే ఏమిటో గిర్నీ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. రేకులు పడేదాకా పదకొండు రోజులు ఆపాను. నా గిరాకీ అంతా బస్టాండ్ దగ్గరి గిర్నీకి పోయింది, సగం మంది మళ్లీ తిరిగి రాలేదు. తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకునే ఆడదాని మూలాన నా పొయ్యి ఆరిందని ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆమెను వదినా అనడం మానేశాను.

ఆమె కూడా నా గిర్నీకి రావడం మానేసింది. పెట్ట పొదుగుకొచ్చింది. తట్ట పట్టుకుని నా గడప తొక్కడం ఆమె వల్ల కాదు. మా గల్లీలో ఊక దొరికేది నా దగ్గరే. ఆమె అటక ఎక్కింది. అటక మీద పాషా చివరగా ఏకిన రెండు బస్తాల దూది ఉంది. అది అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. అందులోంచి తీసి తట్టలో పరిచింది, పిల్లలు తిరిగే చెక్కపెట్టెలోనూ పరిచింది. ఎదురింటి భారతమ్మతో ఆమె చెబుతుంటే నేను విన్నాను.

"మా ఇంట్ల పుట్టిన బిడ్డలందరు దూదిలనే పెరిగిన్రు. ఆయన ఏకిన దూది. దీని మీద పుట్టే అదృష్టం ఏ కోడిపిల్లకుంటది?"

ఆ తడవ అయిదు పిల్లలు పగిలాయి. నాలుగో రోజు ఒకటి కుంటింది. ఇంకో రెండు రోజులకు మూడు కుంటడం మొదలుపెట్టాయి. కుంటే పిల్ల తల్లి వెంట పోలేదు, నూక అందదు, నీళ్లు అందవు, చివరికి తల్లి కాలి కిందే పడుతుంది. పన్నెండు రోజుల్లో అయిదూ పోయాయి. ఫజిలత్ గోడ అవతల నిలబడి, కారం పట్టేదాని కళ్లల్లో కారం పడ అని తిట్టింది. నా గిర్నీ అదురుకు పిల్లల నరాలు చచ్చాయని ఆమె తీర్పు. నేనూ తక్కువ తినలేదు. ఇక్కడ రాయలేని మాటలు అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఒక కాకి మా పెరట్లో ఏదో పడేసి పోయింది. కాగితంతో ఎత్తి పారేద్దామని వంగాను. కోడిపిల్ల. కాలి మీది చిన్న చిన్న ఈకల మధ్య ఏదో మెరిసింది. గోటితో జరిపి చూశాను. సన్నటి దూది పోగు. కాలి చుట్టూ నాలుగైదు చుట్లు తిరిగి లోపలికి కోసుకుపోయింది. దాని కింద పాదం వాచి, నల్లబడి ఉంది. పిల్ల అటూ ఇటూ నడిచిన కొద్దీ ఆ పోగు బిగుసుకుని ఉంటుంది. పాషా ఊక ఎందుకు తీసుకుపోయేవాడో అప్పుడు అర్థమయింది.

ఫజిలత్ ఎందుకు చూడలేదని మీరు అడగొచ్చు. నలభై ఏళ్లు దబ్బనం పట్టిన కళ్లు. ఒక కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయించుకోమంటే వినదు. పైగా కాళ్ల మీద ఈకలు. అన్నింటికన్నా ముందు, దూది తప్పు చేస్తుందని ఆమె కలలో కూడా అనుకోదు.

సాయంత్రం నా భర్త బలరాం ఆటో ఇంట్లో పెట్టగానే చెప్పాను. ఆయన మంచివాడు. మంచివాళ్లతో కాపురం కష్టం.

"పోయి చెప్పరాదు. ఒక్క మాట," అన్నాడు.

"పదకొండు దినాలు నా గిర్నీ ఆపింది. అడగనీ, చెప్త."

"ఆమెకు తెలిస్తే కదా అడిగేది."

"గట్లయితే తెల్వకుండనే ఉండనీ."

నేను చెప్పలేదు. గిర్నీ వల్ల కాదని రుజువు చేసే మాట నా నోట్లోనే ఉంది. ఆ మాట చెబితే నా మీది నింద పోతుంది, గల్లీలో తలెత్తుకుని తిరగొచ్చు. అయినా చెప్పలేదంటే నా కక్ష ఎంతదో చూసుకోండి. చెబితే ఆమె పిల్లలు బతుకుతాయి. నాకు అది ఇష్టం లేకపోయింది.

రెండో తడవ ఆరు పిల్లలు పగిలాయి. వాటి కీచుకీచులు గోడ ఇవతలికి వినపడేవి. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన గూడెం ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుని, నవ్వి, గోడ మీద నుంచి తొంగి చూసేవాళ్లు. నేను తొంగి చూడలేదు. అయిదో రోజు ఒక గొంతు తగ్గింది. పదో రోజుకు రెండు గొంతులు మిగిలాయి. పదమూడో రోజు గోడ అవతల చప్పుడు లేదు. ఆ రోజు ఫజిలత్ నన్ను తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. నేను మోటారు ఆన్ చేశాను, వినపడకుండా. పట్టడానికి గింజలేమీ లేవు. ఖాళీ మిషన్ తిప్పాను.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక, ఒక తెల్లవారుజామున బావురుపిల్లి వచ్చి ముసలి పుంజును ఎత్తుకుపోయింది. గోడ మీద నల్ల ఈకలు నాలుగు మిగిలాయి. పెట్ట ఒక్కటే ఉంది. పుంజు పోకముందు పెట్టిన గుడ్లు తొమ్మిది, ఫజిలత్ బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. అవి పగలాలి, బతకాలి. లేకపోతే పాషా తెచ్చిన జాతి ఆ పెట్టతో సరి. ఈ సంగతి గల్లీలో అందరికీ తెలుసు. భారతమ్మ మిరపకాయలు తెచ్చినప్పుడు నాతో కూడా చెప్పింది.

"ఈ తడవ గూడ పోతే అది బతకది సుజాతా. అన్నం సరిగ తింటలేదు. నీ మిషన్ ఇరవై దినాలు ఆపరాదు, పుణ్యముంటది."

"నా మిషన్‌తోని పోతలేవు," అన్నాను.

"మరి దేనితోని?"

ఆమె మిరపకాయలు తూకం వేయడం మొదలుపెట్టాను. భారతమ్మ నన్ను ఒకలా చూసింది.

ఫజిలత్ ఈసారి ఇంకా ప్రేమ ఎక్కువ పెట్టింది. దూది ఇంకో గుప్పెడు ఎక్కువ వేసింది. పందొమ్మిదో రోజున అయిదు గుడ్లు పగిలాయి. నాలుగు మురిగాయి. అయిదు పిల్లలు. బలరాం రోజూ అన్నం దగ్గర నా ముఖం చూసేవాడు. మూడో రోజుకు నాకే అన్నం సయించలేదు. రేపు చెబుతాను అనుకున్నాను. అయితే ఎట్లా చెప్పాలి? గోడ మీదికి తల పెట్టి ఏమని పిలవాలి? వదినా అనాలి కదా. ఆ మాట గొంతు దాటలేదు. అట్లా ఇంకో రోజు పోయింది.

అయిదో రోజు పొద్దున గిర్నీ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. కారం పడుతున్నాను. ఫజిలత్ వచ్చింది. గొడవ మొదలయ్యాక నా గడప తొక్కడం అదే మొదలు. కొంగు నడుముకు చుట్టి, అరచేతిలో ఒక కోడిపిల్లను పెట్టుకుని వచ్చింది. మోటారు చప్పుడును మించి అరిచింది.

"చూడు. అందరు చూడున్రి. మళ్ల కుంటుతుంది. దీని గిర్నీతోనే పదకొండు పిల్లలు సచ్చినయి. ఇగ ఈ అయిదు గూడ మింగుతది. నా ఇంటి ఉసురు తాకి నువ్వు బాగుపడవే."

జనం అందరూ నా వైపు తిరిగారు. నాకు ఒళ్లు మండింది. జాలి, సిగ్గు, రేపు చెబుదామనుకున్న మెత్తదనం, అన్నీ ఆ మంటలో పోయాయి. మోటారు ఆపాను. నోట్ బుక్కులో పెట్టుకునే కొత్త బ్లేడు తీశాను. ఆమె అరచేతిలోంచి పిల్లను తీసుకున్నాను. ఇవ్వనని చెయ్యి వెనక్కి లాక్కుంది, కాని నేను పట్టు వదల్లేదు. పిల్ల కాలి మీద ఈకలు పక్కకు నెట్టి, బ్లేడు మొనతో ఆ పోగును లేపి, కోసి, బయటికి లాగాను. బెత్తెడు వచ్చింది. తెల్లటి దూది పోగు, మధ్యలో ఎర్రగా.

"గిదీ నా గిర్నీ," అన్నాను. "నీ దూది. పాషన్న ఏకిన దూది. గదే చంపింది అన్నిటిని. గందుకే ఆయన నా తాన ఊక తీస్కపోయేటోడు. ఇన్నేండ్లు కాపురం చేసినవు, గంత గూడ తెల్వదా?"

చివరి మాట అనాల్సిన అవసరం లేదు. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఫజిలత్ ఆ పోగును తీసుకుని మంచి కంటి దగ్గర పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతులో అరుపు లేదు.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

ఇప్పుడే చూశాను అని చెప్పొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. బలరాం చెప్పడు. కాని నన్ను అందరి ముందు హంతకురాలిని చేసిన మనిషికి అబద్ధం చెప్పి బతిమాలుకున్నట్టు ఉండటం నాకు నచ్చలేదు.

"మొదటి తడవ సంది."

"ఆరు పిల్లలు పగిలినప్పుడు నీకు తెలుసు."

"అవ్."

"నేను గోడకాడ కూసొని ఏడ్చిన నాడు తెలుసు."

"అవ్."

భారతమ్మ మిరపకాయల సంచి అక్కడే వదిలి బయటికి పోయింది. ఫజిలత్ నా చేతిలోని పిల్లను తిరిగి తీసుకోలేదు. దాని పాదం అప్పటికే నల్లబడి ఉంది. అది బతకదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"దీన్ని నువ్వే ఉంచుకో," అంది. "బతికినా సచ్చినా నీ ఇంట్లనే కావాలె. నా ఇంట్ల సచ్చినయి చాలు."

వెళ్లిపోయింది. కాసేపటికి గోడ అవతల చెక్కపెట్టె బోర్లించిన చప్పుడు, చీపురు చప్పుడు వినపడ్డాయి. మధ్యాహ్నం నేను తట్ట నిండా ఊక పోసి ఆమె గడప ముందు పెట్టి వచ్చాను. సాయంత్రానికి ఆ తట్ట ఊకతో సహా నా గడప ముందు ఉంది. ఆమె ఇసుక తెప్పించుకుంది, బస్టాండ్ అవతలి వాగు నుంచి.

ఆ పిల్ల నా దగ్గర చావలేదు. దాన్ని చంపి ఆమె మాట నిజం చేయకూడదన్న పంతం ఒకటి, ఇంకేదో ఒకటి. తల్లి లేని పిల్లకు వెచ్చదనం కావాలి కదా. గిర్నీ మోటారు పక్కన ఒక తట్టలో ఊక పోసి పడుకోబెట్టాను. పసుపు రాశాను. నూక నోటికి అందించాను. పదో రోజుకు రెండు వేళ్లు ఎండి రాలిపోయాయి. మిగతా కాలు నిలబడింది. రోజంతా ఆ మోటారు చప్పుడులో, ఆ కారం ఘాటులో పెరిగింది. ఒక్కసారి తుమ్మలేదు. అది ఫజిలత్ చూడాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను. ఆమె చూడలేదు.

అవతలి నాలుగూ బతికాయి. నాలుగూ నల్లగా, గుండ్రంగా పెరిగాయి. ఎప్పుడైనా గోడెక్కితే చూసేదాన్ని, చీపురు ముట్టలేదు. మూడు నెలలు దాటాక నా కుంటిదాని తల మీద తురాయి ఎర్రబడటం మొదలయింది. అవతలి వాటికి ఎర్రబడలేదు. ఒక పొద్దున గిర్నీ తెరవకముందే మోటారు పక్క నుంచి గొంతు చించుకున్నట్టు ఒక కూత వచ్చింది. వంకర కాలి మీద ఒరిగి నిలబడి మళ్లీ కూసింది. గోడ అవతల ఫజిలత్ గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

భారతమ్మ నాతో మాట్లాడటం మానేసింది కాని ఈ వార్త చెప్పకుండా ఉండలేకపోయింది. గుమ్మం బయటే నిలబడి, గాలికి చెప్పినట్టు చెప్పింది.

"దానింట్ల నాలుగూ పెట్టలేనట. ఒక్క పుంజు లేదు."

అర్థమయింది. పాషా జాతిలో మిగిలిన పుంజు ఒక్కటే, అది నా ఇంట్లో ఉంది. తనే వద్దని నా చేతిలో వదిలేసింది. తిరిగి అడగాలంటే ఆమె నోరు పెగలదు. తీసుకుపోయి ఇవ్వాలంటే నా కాళ్లు కదలవు. ఊకను వెనక్కి పంపిన గడప అది. బలరాం మళ్లీ నా ముఖం చూశాడు. ఏమీ అనకు అన్నాను.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున పట్టా పరుస్తున్నాను. గోడ మీద రెండు చేతులు కనిపించాయి. ఆ చేతుల్లో ఒక నల్ల పెట్ట. మెల్లగా దాన్ని నా పెరట్లోకి దింపాయి, వెనక్కి పోయాయి. పెట్ట అటూ ఇటూ చూసి పట్టా మీదికెక్కి మిరపకాయలను గీరడం మొదలుపెట్టింది. నేను గిర్నీ తలుపు తెరిచి కుంటిదాన్ని బయటికి వదిలాను. సాయంత్రం గోడ అవతల నుంచి "బా బా" అని పిలుపు వచ్చింది. పెట్ట గోడెక్కి పోయింది. మర్నాడు ఇంకో పెట్ట. అట్లా రెండు నెలలు నడిచింది. నా మిరపకాయలు పాడవుతూనే ఉన్నాయి. పట్టా జరుపుకున్నాను. కుంటి కాలితో ఆ పుంజు ఎట్లా నెగ్గుకొచ్చిందో నాకు తెలియదు, నెగ్గుకొచ్చింది.

మొన్న మంగళవారం గిర్నీలో జనం ఉన్నారు. ఫజిలత్ వచ్చి వరుసలో నిలబడింది. ముందున్నవాళ్లు తప్పుకున్నా తప్పుకోలేదు, తన వంతు వచ్చేదాకా ఆగింది. చంకన పాషా తట్ట ఉంది. దాన్ని నా ముందు పెట్టింది.

"ఊక."

అంతే అంది. నేను మిషన్ కింద నుంచి తాజా ఊక తీసి నింపాను. చేత్తో అదిమి, ఇంకో రెండు దోసిళ్లు వేశాను. ఎందుకో వంగి, అందులో ఒక్క దూది పోగైనా ఉందా అని కూడా వెతికాను. ఆమె చూస్తూ నిలబడింది. తట్ట ఎత్తుకుని గడప దాకా పోయి ఆగింది, వెనక్కి తిరగలేదు.

"తొమ్మిది గుడ్లు పొదుగు పెట్టిన. ఆ ఆరు పిల్లలను మాత్రం నేను మరువ."

"నేను గూడ మరువ, వదినా," అన్నాను.

ఆమె తట్ట చంకన పెట్టుకుని పోయింది. నేను మోటారు ఆన్ చేయకుండా ఆమె ఇంట్లోకి పోయేదాకా ఆగాను.